సగం పని విలుకాడిదే: కొరియా కొమ్ము విల్లు, దాన్ని చేసే వంశాలు

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద గుడ్డలో చుట్టిపెట్టిన వస్తువును లోపలికి వస్తూ చాలామంది చూశారు. ముందు వరసలో కూర్చున్న ఒక పాప "అదేంటి నాన్నా, కొమ్మా?" అని అడగడం నాకు వినిపించింది. పాప సరిగ్గానే చూసింది. అందులో కొమ్ము ఉంది. కానీ అది విల్లు.

గుడ్డ విప్పుతాను, చూడండి. మనకు తెలిసిన విల్లులా లేదు కదా. రెండు కొసలూ ముందుకు వంకర తిరిగి దాదాపు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నారి తగిలించాలంటే ఈ వంపునంతా వెనక్కి తిప్పాలి. అంటే ఎటు ముడుచుకుని ఉందో దానికి ఎదురు దిశలో వంచాలి. కొరియా వాళ్లు దీన్ని గాక్‌గుంగ్ అంటారు. గాక్ అంటే కొమ్ము, గుంగ్ అంటే విల్లు. మామూలు మాటల్లో విల్లును హ్వాల్ అంటారు.

ఈ రోజు దీన్ని ఎక్కుపెట్టి చూపించను. పిల్లలకు నిరాశగా ఉంటుందని తెలుసు. ఎందుకు చూపించనో చెప్పడానికే ఈ గంటసేపూ మాట్లాడతాను. ఆ కారణం అర్థమైతే, ఆ దేశంలో విల్లు చేసే కుటుంబాలు ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలబడ్డాయో కూడా అర్థమవుతుంది.

నేను ఉద్యోగం మీద ఏడేళ్లు బుచోన్‌లో ఉన్నాను. సియోల్‌కీ ఇంచోన్‌కీ మధ్య ఉన్న ఊరు అది. వెళ్లిన మూడో నెలలో ఇంటి దగ్గర కొండ కింద విలువిద్య మైదానం కనిపించింది. పొద్దున్నే రిటైరైన పెద్దవాళ్లు వచ్చి, వరసగా నిలబడి, మాటా పలుకూ లేకుండా బాణాలు వేస్తున్నారు. గురి ఎక్కడుందో మొదట నాకు కనపడలేదు. అది 145 మీటర్ల దూరంలో ఉంది. ఒలింపిక్స్‌లో 70 మీటర్లు కదా, ఇది దానికి రెట్టింపు పైమాట. గురి పలక పెద్దదే, 2 మీటర్ల వెడల్పు, 2.66 మీటర్ల ఎత్తు. అయినా అంత దూరం నుంచి చూస్తే అగ్గిపెట్టెలా ఉంటుంది. విల్లుకు గురి చూసుకునే పరికరాలేవీ ఉండవు. బొటనవేలికి ఉంగరం తొడిగి దాంతో నారి లాగుతారు. ఒక్కొక్కరు ఒక విడతకు 5 బాణాలు వేస్తారు.

నాకు నేర్పిన పెద్దాయన పేరు ఇక్కడ చెప్పను, ఆయనకు ఇష్టముండదు. మొదటి ఏడాదంతా నాకు ఫైబర్ విల్లే ఇచ్చారు. 1970ల తర్వాత వచ్చినవి అవి. చవక, ఎండకీ వానకీ భయపడక్కర్లేదు, కారు డిక్కీలో పడేసినా ఏం కాదు. అక్కడ ఈ రోజు ఎక్కువమంది వాడేవి అవే. మరి కొమ్ము విల్లు ఎందుకు చచ్చిపోలేదు? దానికి ఒక నియమం ఉంది. వాళ్ల జాతీయ సంఘం విలుకాళ్లకు దశలవారీగా హోదాలిస్తుంది, 'దాన్' అంటారు. 45 బాణాలు వేసి పరీక్ష పాసవ్వాలి. నాలుగో దాన్ వరకూ ఏ విల్లయినా ఫర్వాలేదు. అయిదో దాన్ నుంచి పైకి వెళ్లాలంటే కొమ్ము విల్లూ వెదురు బాణాలే వాడాలి. అంటే పై మెట్టు ఎక్కాలనుకున్న ప్రతి విలుకాడూ ఎప్పుడో ఒకప్పుడు విల్లు చేసే మనిషి గుమ్మం తొక్కక తప్పదు. ఒక చేతివృత్తిని బతికించిన నియమాల్లో ఇంత తెలివైనది నేను ఇంకొకటి చూడలేదు. జాలితో కొనమని ఎవరినీ అడగలేదు. అది లేకపోతే నీ విద్య పూర్తి కాదన్నారు, అంతే.

ఇప్పుడు విల్లు లోపలికి వెళదాం.

నారి లాగినప్పుడు వింటిబద్దలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. మన వైపు ఉన్న ముఖం నొక్కుకుపోతుంది, గురి వైపు ఉన్న ముఖం సాగుతుంది. ఒట్టి కర్రతో చేస్తే రెండూ అదే కర్ర భరించాలి. అందుకే కర్ర విల్లుకు బలం కావాలంటే మనిషంత పొడుగు ఉండాలి. కొమ్ముకు నొక్కుడు తట్టుకునే గుణం ఉంది. పశువుల స్నాయువుకు, మనవాళ్లు నరం అంటారు చూడండి, దానికి సాగి తిరిగి వచ్చే గుణం ఉంది. మధ్యలో వెదురు పెట్టి, మన వైపు కొమ్మునీ, గురి వైపు స్నాయువునీ అంటించేస్తే, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. చేతి కర్రంత పొట్టి విల్లు 145 మీటర్లు బాణం విసరగలగడానికి కారణం ఇది.

ఈ ఆలోచన మనకూ కొత్త కాదు. విష్ణుమూర్తి విల్లు పేరు శార్ఙ్గం. శృంగం అంటే కొమ్ము, శార్ఙ్గం అంటే కొమ్ముతో చేసినది. శార్ఙ్గపాణి అని రోజూ పలుకుతాం, ఆ మాటలో కొమ్ము ఉందని గుర్తుండదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా తాటి, వెదురు, కర్ర విల్లులతో పాటు కొమ్ముతో చేసిన విల్లును లెక్కలో చెప్పింది. మన దగ్గర మాట మిగిలింది, వస్తువు పోయింది. వాళ్ల దగ్గర వస్తువు చేసే మనిషి కూడా మిగిలాడు. నన్ను ఆ పనిశాల గుమ్మం దాకా లాక్కెళ్లింది ఈ తేడానే.

కొమ్ము అంటే ఏ కొమ్మో కాదు, నీటి గేదె కొమ్ము. మన ఊళ్లలో చెరువులో మునిగి కూర్చునే గేదె జాతే. కొరియా చలి దేశం, అక్కడ ఈ జంతువు లేదు. వాళ్ల రాజ్యానికి అతి ముఖ్యమైన ఆయుధంలో అతి ముఖ్యమైన భాగం బయటి దేశం నుంచి రావాలి. 15వ శతాబ్దంలో చైనా మింగ్ దర్బారు కొమ్ముల కొనుగోలు మీద ఆంక్షలు పెట్టి, ఏడాదికి ఇన్నే అని కట్టడి చేసింది. అప్పటి కొరియా రాజ్యమైన చోసన్ రాజులకు పెద్ద టెన్షన్ అది. ఈ రోజు జపాన్‌లో భాగమైన ర్యూక్యూ దీవుల నుంచి గేదెల్ని తెప్పించి పెంచుకునే ప్రయత్నం కూడా చేశారు. ఓడలో వచ్చే గేదెల కోసం ఒక రాజ్యం అంతగా ఎదురుచూసిందని తెలిసినప్పటి నుంచీ నాకు మా అమ్మమ్మగారి ఊళ్లో గేదెని చూస్తే వేరే గౌరవం వచ్చింది. ఒక కొమ్ము నుంచి ఒక్క పొడుగాటి బద్దే వస్తుంది, అదీ బయటి వంపు వైపు నుంచి. విల్లుకు రెండు రెక్కలు కాబట్టి రెండు కొమ్ములు కావాలి. రెండూ ఒకే పొడుగు, ఒకే మందం, ఒకే స్వభావం ఉండాలి.

మధ్యలో వెదురు. దాని రెండు కొసలకూ మల్బరీ చెక్క, అంటే మన పట్టుపురుగులు ఆకు తినే చెట్టు. పిడికి ఓక్ చెక్క. చివర పైన చుట్టే తొడుగు బిర్చ్ చెట్టు బెరడు. బిర్చ్ అంటే పరాయి చెట్టు అనుకోకండి, మన పాత తాళపత్రాల కాలంలో హిమాలయాల వైపు రాసుకున్న భూర్జపత్రం ఆ జాతి చెట్టు బెరడే. నీరు పట్టదు, అందుకే వాళ్లు విల్లుకు చుట్టారు, మనవాళ్లు అక్షరాలు రాశారు.

వీటన్నిటినీ పట్టి ఉంచేది జిగురు. అది చేప జిగురు. మన కాకినాడ, అంతర్వేది రేవుల్లో కచిడి చేప వలలో పడితే లక్షల్లో అమ్ముడుపోయిందని పేపర్లో వార్త వస్తుంది కదా, ఆ ధర మాంసానికి కాదు, లోపలి గాలితిత్తికి. కొరియా వాళ్లు మినో అనే చేప వాడతారు, కచిడి కుటుంబానికి చెందినదే. ఆ చేప గాలితిత్తిని ఎండబెట్టి, నానబెట్టి, సన్నటి సెగ మీద కాస్తే జిగురు వస్తుంది. గట్టిగా పట్టుకుంటుంది కానీ వంగుతుంది, ఈ విల్లుకు కావాల్సింది సరిగ్గా అదే. మామూలు గట్టి జిగురైతే ఇంతగా ముడుచుకునీ తెరుచుకునీ ఉండే వస్తువులో పగిలిపోతుంది. కానీ దీనికి ఒక బలహీనత ఉంది. తేమ తగిలితే మెత్తబడుతుంది.

ఆ ఒక్క బలహీనత చుట్టూనే ఈ వృత్తి జీవితమంతా తిరుగుతుంది. జిగురు పని చలికాలంలోనే చేస్తారు, గాలి పొడిగా ఉంటుందని. వేసవిలో కొమ్ము కోయడం, వెదురు చీల్చి సిద్ధం చేసుకోవడం లాంటివి. శరత్కాలం నుంచి అంటించడం. వసంతం వచ్చేసరికి విల్లు పూర్తవ్వాలి. మన రైతుకు కార్తె ఎలాగో వాళ్లకు అది అలాగ. ఈ ఏడాది తప్పితే మళ్లీ ఏడాదే.

నేను ఒక డిసెంబరులో పెద్దాయనతో పాటు ఒక పనిశాలకు వెళ్లాను. గది చిన్నది, నేల వెచ్చగా ఉంది. చేపల వాసన, కొమ్ము గీకిన వాసన కలిసి ముక్కుకి పట్టేసింది. ఆ రోజు స్నాయువు వేస్తున్నారు. ఎండిన స్నాయువు చూడ్డానికి పాత తాడు ముక్కలా గట్టిగా ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి పోగులుగా విడదీస్తారు. తర్వాత దువ్వెనతో దువ్వుతారు. నిజంగా దువ్వెనే, ఇనప పళ్లది. దువ్వగా దువ్వగా అది జనపనారలా, తెల్లటి జుట్టులా తయారవుతుంది. ఆ పని చేస్తున్నది విల్లు చేసే ఆయన భార్య. గంటన్నర సేపు తలెత్తకుండా దువ్వింది. ఆయన జిగురు గిన్నెలో వేలు ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా విడదీశాడు. తీగ సాగింది, సన్నబడింది, తెగలేదు. మన ఇళ్లలో అరిసెల పాకం చూస్తారే, అచ్చం అలాగే. తల ఊపాడు. ఆ తలూపు కోసమే ఆమె ఎదురుచూస్తున్నట్టు, దువ్విన జడని అందించింది. ఆయన దాన్ని జిగురులో తడిపి, వింటి వెన్ను మీద పరిచి, వేలితో ఈ చివర నుంచి ఆ చివర వరకూ నొక్కుకుంటూ వెళ్లాడు. ఒక్క పొర. అది ఆరాలి. తర్వాత ఇంకో పొర, మళ్లీ ఆరాలి.

వంశవృక్షం గీసినప్పుడు ఆయన పేరు వస్తుంది. ఆయన తండ్రి లేదా గురువు పేరు వస్తుంది. ఆ దువ్వెన పట్టుకున్న ఆమె పేరు రాదు. మన చేనేతలో మగ్గం మీద కూర్చున్నతని పేరు వస్తుంది, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టినామె పేరు రాదు, అలాగే. వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు నేనైతే ఈ మాట ముందే చెప్పుకుంటాను.

ఇక ఆ వంశాల కథకు వస్తాను.

కొరియాలో విల్లుకున్న చోటు వేరు. కోగుర్యో రాజ్యాన్ని స్థాపించిన చుమోంగ్ పేరుకే ఆ కాలపు భాషలో మంచి విలుకాడని అర్థం. 1392లో చోసన్ రాజ్యం స్థాపించిన యీ సంగ్యే కూడా విలువిద్యకు పేరుపడ్డ సేనాని. 1402 నుంచి సైనికాధికారి కావాలంటే రాజ్యం పెట్టే పరీక్ష రాయాలి, కాదు, వేయాలి. అందులో ప్రధానమైనది విలువిద్య. జపాన్ దండయాత్రను సముద్రంలో అడ్డుకున్న యీ సున్‌షిన్ సేనాపతి 1576లో ఆ పరీక్ష పాసయ్యాడు. నాలుగేళ్ల ముందు ఒకసారి గుర్రం మీద నుంచి పడి కాలు విరిగి ఫెయిలయ్యాడు. యుద్ధకాలంలో ఆయన రాసుకున్న డైరీలో ఈ రోజు ఇన్ని బాణాలు వేశాం అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. రాజు చొంగ్‌జో 50 బాణాల్లో 49 కొట్టి, ఆఖరిది కావాలని వదిలేసేవాడు. అన్నీ నాకే కావాలనుకోకూడదు అని ఆయన ఉద్దేశం. 1792 నాటి రాజ్య రికార్డుల్లో ఉంది ఇది.

ఇంత గిరాకీ ఉన్నచోట విల్లు చేసేవాడు, బాణం చేసేవాడు వేరువేరు వృత్తులుగా రాజ్య చట్టంలోకే ఎక్కారు. ఈ తేడా ఈ రోజుకీ ఉంది. విల్లు చేసే మనిషి గుంగ్‌జాంగ్, బాణం చేసే మనిషి సీజాంగ్, ఇద్దరినీ కలిపి చెప్పాలంటే గుంగ్‌సీజాంగ్. ఒకరి పని ఇంకొకరు చేయరు. బాణానిది ఇంకో లోకం. సముద్రపు గాలి తగిలే చోట పెరిగిన సన్న వెదురు, నెమలి జాతికి దగ్గరిదైన ఫెజెంట్ పిట్ట ఈకలు, నారి పట్టే గంటుకు వేరే గట్టి చెక్క, దాని మీద పీచ్ చెట్టు బెరడు. వాటి బరువు తూచి, సెగ మీద చూపి వంకర తీస్తారు.

ఇదంతా 1894లో ఒక్కసారిగా కూలింది. ఆ ఏడాది సంస్కరణల్లో సైనిక పరీక్ష రద్దయింది. సైన్యంలో విల్లు పోయింది. వందల ఏళ్లు రాజ్యం కొన్న వస్తువును ఇక కొనేవాళ్లు లేరు. మన దగ్గర అద్దకం పనివాళ్లకీ నేతగాళ్లకీ జరిగింది గుర్తు చేసుకోండి, ఏ వృత్తయినా అక్కడితో ఆగిపోతుంది. ఇది ఆగలేదు. 1899లో రాజు కొజోంగ్ సియోల్‌లోని తన క్యోంగ్‌హుయి కోట ఆవరణలో హ్వాంగ్‌హాక్‌జోంగ్ అనే విలువిద్య మంటపం కట్టించి, మామూలు జనం కూడా వచ్చి బాణాలు వేయవచ్చన్నాడు. తర్వాత దేశం జపాన్ చేతికి పోయింది, ఆ కోట కట్టడాలు తీసేశారు, 1922లో ఆ మంటపం సాజిక్ కొండ పక్కకు మారింది. ఈ రోజుకీ అక్కడ బాణాలు వేస్తున్నారు, సియోల్ వెళ్తే చూడండి. 1929లో ఆ విలుకాళ్లే తమ విద్య గురించి సొంత భాషలో ఒక పుస్తకం వేయించారు. విల్లు రకాలు, భాగాలు, వాటి పేర్లు, అన్నీ అందులో రాసి పెట్టారు. వలస పాలనలో తమ భాషలో తమ విల్లు భాగాల పేర్లు రాసుకోవడం చిన్న పని కాదు.

అంటే రాజ్యం వదిలేసిన విల్లు చేసేవాణ్ని విలుకాడు పట్టుకున్నాడు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు ఇదే వెన్నుపూస.

తర్వాతి దెబ్బ యుద్ధం. విల్లుకు పేరున్న ఊళ్లలో కేసాంగ్ ఒకటి. బాణాలకు పేరున్నది దాని పక్కనే చాంగ్‌దాన్ ప్రాంతం. 1945లో దేశాన్ని రెండు చేసినప్పుడు కేసాంగ్ దక్షిణం వైపే ఉంది. 1953లో యుద్ధం ఆగేసరికి ఉత్తరం వైపు పోయింది. చాంగ్‌దాన్ మీదుగా ఉత్తర దక్షిణాల సరిహద్దు గీత గీశారు, ఊళ్లకు ఊళ్లు మనుషులు ఉండకూడని చోటైపోయాయి. అలా ఒకే గీత విల్లు వంశాన్నీ బాణం వంశాన్నీ వాళ్ల నేల నుంచి పెరికేసింది. కేసాంగ్ పద్ధతిని ఇవతల నిలబెట్టినవారిలో చాంగ్ జిన్‌సోప్ పేరు చెప్పుకుంటారు. చాంగ్‌దాన్ బాణాల పని తండ్రి దగ్గర నేర్చుకున్న యూ యంగ్‌గీ, సరిహద్దుకి దగ్గర్లోనే ఉన్న పాజులో స్థిరపడి, సొంతంగా విల్లు-బాణాల మ్యూజియం పెట్టారు. ఆ మ్యూజియం నుంచి చాంగ్‌దాన్ ఎంతో దూరం లేదు. అయినా స్వేచ్ఛగా వెళ్లలేరు.

దక్షిణాన ఇంకో మూలం యేచోన్. అక్కడ క్వోన్ వంశం వాళ్లు తరాలుగా విల్లులు చేశారు. క్వోన్ యంగ్‌రోక్ ఆ వంశం నుంచి వచ్చిన పేరు. అదే ఊరు నుంచి కిమ్ జిన్‌హో అనే అమ్మాయి 1979లో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో అయిదు స్వర్ణాలు తెచ్చింది. ఒలింపిక్స్‌లో కొరియా మహిళల జట్టు 1988 నుంచి 2024 వరకూ వరసగా పదిసార్లు గెలిచింది. దాన్ని చూసి, వాళ్ల గెలుపంతా ఈ పాత విల్లు మహిమే అనేస్తుంటారు. అది నిజం కాదు. ఒలింపిక్ విల్లు వేరు, శిక్షణ వేరు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో కొరియా క్రీడాకారిణిని 149–145తో ఓడించిందే, అది ఇంకా వేరే రకం విల్లు. కానీ ఒక ఊళ్లో విల్లు అనేది రోజూ కంటికి కనపడే వస్తువైతే, ఆ ఊరి పిల్ల చేతికి అది సులువుగా వస్తుంది. ఆ మేరకు సంబంధం ఉందని నమ్ముతాను.

మూడోది నేనున్న బుచోన్. అక్కడ కిమ్ జాంగ్‌హ్వాన్ అనే గొప్ప పనివాడు ఉండేవారు. 1971లో కొరియా ప్రభుత్వం గుంగ్‌సీజాంగ్ పనిని జాతీయ వారసత్వంగా 47వ నంబరుతో జాబితాలో చేర్చింది. అప్పుడు గుర్తింపు పొందినవారిలో ఆయన ఒకరు. ఇలాంటి పనివాళ్లను అక్కడి జనం 'మనిషి రూపంలో ఉన్న సాంస్కృతిక సంపద' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. నెలనెలా భత్యం ఇస్తారు, బదులుగా శిష్యులకు నేర్పాలి, జనం ముందు చేసి చూపించాలి. కిమ్ జాంగ్‌హ్వాన్ తర్వాత ఆయన శిష్యుడు కిమ్ బాక్‌యంగ్ ఆ స్థానానికి వచ్చారు. పేరులో కిమ్ ఉందని కొడుకు అనుకోకండి. అక్కడ కిమ్‌లు మన రావుల్లాంటి వాళ్లు, అంతటా ఉంటారు. యేచోన్‌లో పుట్టి, పని కోసం బుచోన్ వచ్చి చేరిన మనిషి. ఆయన తర్వాత మాత్రం కొడుకు కిమ్ యున్‌గ్యోంగ్ అందుకున్నారు. ఒకసారి రక్తం, ఒకసారి శిష్యరికం. ఏది దొరికితే దాన్ని పట్టుకుని పాకింది ఈ తీగ. బుచోన్‌లో కిమ్ జాంగ్‌హ్వాన్ వస్తువులతో విల్లు మ్యూజియం ఉంది. నేను నాలుగైదుసార్లు వెళ్లాను, ప్రతిసారీ పనిముట్ల అల్మరా దగ్గరే నిలబడిపోయేవాణ్ని. పిడి అరిగిపోయి అరచేయి ఆకారం పడిన ఉలి ముందు నిలబడితే, కదలబుద్ధి కాదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వస్తాను, దీన్ని ఎందుకు ఎక్కుపెట్టను అన్నానో.

రెండో ఏడాది పెద్దాయన తన కొమ్ము విల్లుల్లో ఒకటి నాకు ఇచ్చారు. ఈ విల్లు పని లేనప్పుడు బయట ఉండకూడదు. మైదానంలో ఒక చెక్క పెట్టె ఉంటుంది. లోపల ఎప్పుడూ వెచ్చగా, ముప్పై డిగ్రీల ప్రాంతంలో, పొడిగా ఉంచుతారు. విల్లులు అందులో పడుకుంటాయి. తీశాక నేరుగా నారి తగిలించరు. కొలిమి సెగ మీద అటూ ఇటూ తిప్పి వెచ్చజేయాలి. మోకాలి కింద పెట్టి మెల్లగా వంచాలి. నారి తగిలించాక రెండు రెక్కలకీ 'తోజిగే' అనే వంకర చెక్కల్ని కట్టి, అది మెలిక పడకుండా కాసేపు కుదురుకోనివ్వాలి. విప్పాక ఎదురుగా పట్టుకుని, నారి బద్ద మధ్యలో పడుతోందా, ఏ రెక్కయినా బలంగా ఉందా అని చూసి, బలంగా ఉన్న చోట మళ్లీ సెగ చూపించి నొక్కాలి. ఇదంతా విల్లు చేసినవాడి పని కాదు, వేసేవాడి పని. రోజూ.

జూలై వానల్లో ఒక ఆదివారం నేను తొందరపడ్డాను. సెగ సరిగా చూపలేదు. కింది రెక్క వేలెడు పక్కకు పోతోందని కనిపించింది, అయినా ఫర్వాలేదనుకున్నాను. సగం లాగేసరికి విల్లు చేతిలో తిరగబడింది. నారి జారి, రెక్క పామల్లే మెలిక తిరిగింది. ఒక చప్పుడు వచ్చింది, తడిసిన కొమ్మ విరిగినట్టు. కొమ్ము వెదురు మీద నుంచి లేచిపోయింది.

పెద్దాయన నన్ను తిట్టలేదు. అది ఇంకా బాధగా ఉండింది. విల్లు తీసుకుని ఆ పనిశాలకు వెళ్లాం. విల్లు చేసినాయన లేచిన చోట బొటనవేలు పెట్టి తడిమి, ప్రశ్నలు వేశాడు. ఆ రోజు వాన పడుతోందా? పెట్టెలోంచి తీసి ఎంతసేపైంది? ఏ చేత్తో వంచావు? డాక్టరు అడిగినట్టు అడిగాడు. చివరికి అన్నాడు: "నేను చేసింది సగం విల్లే బాబూ. మిగతా సగం వేసేవాళ్లు చేయాలి. అది నీకు ఎవరూ చెప్పలేదా?" చెప్పారు, నేనే వినలేదు. బాగుచేయడం ఇప్పుడు కుదరదు, చలి రానివ్వు అన్నాడు. నవంబరు దాకా ఆగాను. ఆ అయిదు నెలలూ ప్రతి శనివారం ఫైబర్ విల్లు పక్కన పెట్టి, కొలిమి దగ్గర కూర్చుని, పెద్దవాళ్ల విల్లులు వెచ్చజేయడం నేర్చుకున్నాను.

ఈ విద్య ఎందుకు మిగిలిందన్నదానికి నాకు దొరికిన జవాబు ఆ కొలిమి దగ్గరే దొరికింది. విల్లు చేసే పనిలో సగం, చేసే కుటుంబాల చేతుల్లో కాదు, వాడేవాళ్ల చేతుల్లో ఉంది. ఏ జిగురు ఏ గాలికి ఎలా ఉంటుంది, ఏ రెక్క ఎందుకు మొండికేస్తుంది అనే జ్ఞానం ఆ మైదానాల్లో ఉదయం పూట కూర్చునే వందల మందికి తెలుసు. అందుకే రాజు వదిలేసినా, ఊరు సరిహద్దు అవతల పోయినా, పనివాడికి మాట్లాడ్డానికి మనుషులున్నారు. తప్పు చేస్తే పట్టుకునేవాళ్లున్నారు. 2020లో ప్రభుత్వం విలువిద్యను జాతీయ వారసత్వంగా ప్రకటించినప్పుడు దానికి ఏ ఒక్కరినీ వారసుడిగా పేర్కొనలేదు. ఎందుకంటే అది ఏ ఒక్కరిదీ కాదు, వేసేవాళ్లందరిదీ. ఆ నిర్ణయం చదివినప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

మన కలంకారీ గురించి, నిర్మల్ బొమ్మల గురించి మాట్లాడేటప్పుడు పనివాడికి సాయం అంటాం, మార్కెట్ అంటాం. అవీ కావాలి. కానీ కొనుక్కున్న మనకి ఆ వస్తువు గురించి ఎంత తెలుసు? చాయవేరు ఎరుపుకీ ఫ్యాక్టరీ ఎరుపుకీ తేడా చెప్పగల కళ్లు ఎన్ని ఉన్నాయి? పనివాడు సరిగా చేయకపోతే గుర్తుపట్టేవాళ్లు లేని చోట, సరిగా చేయడం ఎందుకు అని అతనికి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. ఇది నాకు నిజంగా భయం కలిగించే విషయం.

ఈ విల్లు ఆ మరమ్మతైన విల్లే. నేను తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన నాకే ఇచ్చేశారు. ఇంట్లో చిన్న చెక్క పెట్టె చేయించి, లోపల బల్బు పెట్టి దాచుకున్నాను. జనవరి కాబట్టి బయటికి తెచ్చాను. కృష్ణ ఒడ్డున ఈ గాలి, పొద్దున్నుంచీ పెట్టె బయట ఉండటం, ఇక్కడ కొలిమి లేకపోవడం, ఇన్ని ఉండగా దీనికి నారి తగిలిస్తే, ఆ జూలై తప్పే మళ్లీ చేసినట్టు.

పిల్లలు ముందుకు రండి. ఒక్కొక్కరే. చేతుల చెమట ఈ గుడ్డకు తుడుచుకుని ముట్టుకోండి. ఇదిగో ఇక్కడ, పిడికి జానెడు కింద, బొటనవేలు పెట్టి చూడండి. సన్నగా గట్టు తగులుతుంది. అతికిన చోటు అది.